పాత కంప్యూటరుకు క్రొత్త స్మృతి
(సూరతు నగర శివారగు కోసాడ్‌నందలి తెలుగు కుటుంబముల గోష్ఠికై సిద్ధపఱచిన ఉపన్యాస పాఠము)



తపతీ నదికి ఉత్తరపు దరిని, ముంబయి–అహమ్మదాబాదు రైలుమార్గముపై, సూరతు, ఉత్రాణ్ దాటిన పిమ్మట వచ్చు చిన్న స్టేషను కోసాడ్. అహమ్మదాబాదు నుండి చెన్నపురికి పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఇచట ఆగదు గాని, దాని చప్పుడు వినబడినంతనే వరంగల్లును, విజయవాడను, నెల్లూరును తలచుకొనని తెలుగు ఇల్లు ఈ ప్రాంతమున అరుదు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు ప్రాంతముల నుండి నేతపనివారు మగ్గమును నమ్ముకొని సూరతు చేరిరి. కేంద్ర ప్రభుత్వోద్యోగులు బదిలీ ఉత్తర్వును చేతబట్టుకొని వచ్చిరి. బదిలీ అయిన ప్రతిసారియు ఉద్యోగి ఇంటి సామానులో కొంత తగ్గుట సహజము. మంచములు అమ్ముడుపోవును, కుండీలలోని మొక్కలు ఇరుగుపొరుగుల పాలగును. కాని ఫొటోల ఆల్బమును మాత్రము ఏ గృహిణియు విడిచిరాదు.

అట్టి ఆల్బములకు ఈ నగరమున ఒక పెద్ద గండము గడచినది. 2006 ఆగస్టు మాసమున ఉకాయ్ జలాశయము నుండి విడుదలైన నీటితో తపతి పొంగి, సూరతు నగరములో అధికభాగము జలమయమైనది. ఫొటో కాగితముపై బొమ్మను పట్టియుంచునది జెలటిన్ అను పలుచని పొర. అది నీట నానినచో మెత్తబడి, ఆల్బములోని ప్లాస్టిక్ తొడుగునకు అంటుకొనును. తొడుగును లాగినచో ముఖములే ఊడివచ్చును. వరద రాని ఇండ్లలోను వానకాలపు చెమ్మ వలన బూజు పట్టి మచ్చలు తేలుట కలదు. అట్లు దెబ్బతిన్న బొమ్మలను స్కానరుపై నుంచి కంప్యూటరులోనికి తెచ్చి, మచ్చలు తుడిచి, చీలికలు పూడ్చి, తిరిగి అచ్చువేయుట నేడు సాధ్యమగుచున్నది. ఆ పనికి ఇంటనున్న పాత కంప్యూటరు చాలునా, చాలనిచో దానిని బాగుచేయుటయా, క్రొత్తది కొనుటయా అనునదే నేటి ప్రసంగ విషయము.

ఒక గృహమును ఊహింపుడు. ఇంటి యజమాని పదునైదేండ్ల క్రిందట కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు ఒక మూల బల్లపై నున్నది. అందు 4 గిగాబైట్ల మెమొరీ, 500 గిగాబైట్ల హార్డుడిస్కు కలవు. కూతురి వివాహమునకు తాతగారి, నాయనమ్మగారి పెండ్లి ఫొటోను పెద్దదిగా అచ్చువేయించి మంటపమున నుంచవలెనని ఇంటిల్లపాదికి కోరిక. తడిసి మచ్చలు పడిన ఆ ఫొటోకు ఇల్లంతటిలో మఱొక ప్రతి లేదు. కుమారుడు దానిని స్కాను చేసి దిద్దబూనగా, కుంచె ఒకసారి కదలించినచో తెర అరనిమిషము బిగుసుకొనిపోవుచున్నది. దుకాణదారుడొకడు “ఇది ముసలిదైనది, క్రొత్తది కొనుడు” అనును. మఱియొకడు “మెమొరీ వేయించుడు, గుఱ్ఱమువలె పరుగెత్తును” అనును. ఎవరి మాట వినవలెను?

కంప్యూటరులో జరుగు పనిని ప్రభుత్వ కార్యాలయముతో పోల్చిన సులభముగా బోధపడును. ప్రాసెసరు పనిచేయు గుమాస్తా. ర్యామ్ అనబడు మెమొరీ ఆతని ముందున్న బల్ల. హార్డుడిస్కు వెనుకనున్న రికార్డు గది. బల్ల వెడల్పుగా నున్నచో కావలసిన ఫైళ్లన్నియు ఒక్కసారి పఱచుకొని గుమాస్తా చకచక పనిచేయును. బల్ల చిన్నదైనచో ఒక ఫైలు తీయవలెనన్న మఱియొక దానిని రికార్డు గదికి పంపవలెను. ఆ రాకపోకలకే పొద్దు గడచిపోవును. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను ఫలము లేదు. సాయంకాలము విద్యుత్తు ఆగినంతనే బల్లపైనున్నదెల్ల తుడిచిపెట్టుకొనిపోవును. రికార్డు గదిలోనిది నిలుచును. మెమొరీకిని డిస్కునకును గల భేదమిదియే.

తాతగారి ఫొటో ఈ బల్లపై ఎంత చోటు పట్టునో లెక్కింతురు గాక. ఆ ఫొటో 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గలది. పెద్దదిగా అచ్చువేయదలచి అంగుళమునకు 1200 చుక్కల చొప్పున స్కాను చేసినచో, 4800ను 7200తో గుణింపగా 3 కోట్ల 45 లక్షల 60 వేల చుక్కలగును. దిద్దుబాటుకు అనువుగా ఒక్కొక్క రంగునకు 16 బిట్లు, మూడు రంగులకు 6 బైట్లు కేటాయించినచో, ఒక్క పొరకే 20 కోట్ల 73 లక్షల 60 వేల బైట్లు కావలెను. దిద్దువారు అసలు బొమ్మను ముట్టక, దానిపై పొర మీద పొర పఱచి పనిచేయుదురు. ఆరు పొరలకే 124 కోట్ల బైట్లు దాటును. వెనుకకు పోవుటకై దాచుకొను మెట్లు దీనికి అదనము. విండోస్ వంటి వ్యవస్థయు, ఇతర ప్రోగ్రాములును తమ పాలు ముందే తీసికొనియుండగా, 4 గిగాబైట్ల బల్లపై ఇక చోటెక్కడిది? మిగిలిన భారమంతయు డిస్కుపై పడును. కుంచె కదలించినపుడు తెర బిగియుటకు కారణమిదియే.

పూర్వపు లెక్కతో పోల్చినచో ఈ భారమెంతటిదో తెలియును. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పనికి సిద్ధమైన టిఫ్రాక్ అను కంప్యూటరు మన దేశమున రూపొందిన తొలి కంప్యూటర్లలో నొకటి. దాని స్మృతి 40 బిట్లు గల 2048 పదములు. అనగా నేటి లెక్కలో సుమారు 10 వేల బైట్లు. తాతగారి ఫొటో ఒక్క పొరను పట్టుటకు అట్టి యంత్రములు ఇరువది వేలకు పైగా కావలసియుండును. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రము, 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములతో, 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. మూలనపడిన పాత డెస్క్‌టాప్ కూడ వీటి ముందు మహాసముద్రమే. కావున దానిని తొందరపడి పాతసామానువానికి ఇచ్చివేయరాదు.

అట్లని పరీక్షింపకయే సొమ్ము వెచ్చింపరాదు. వైద్యుడు నాడి చూచిన పిమ్మటనే మందిచ్చును. విండోస్ గల కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలు ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజరు తెఱచుకొనును. ఫొటోను దిద్దుచు దానిని గమనింపవలెను. మెమొరీ నిండుగా నుండి డిస్కు కూడ నూటికి నూరుపాళ్లు పనిచేయుచున్నచో బల్ల చిన్నదని అర్థము, మెమొరీ పెంచవలెను. మెమొరీలో చోటుండియు డిస్కు మాత్రమే నిరంతరము శ్రమించుచున్నచో రికార్డు గదియే మందకొడిది, డిస్కు మార్చవలెను. ఈ రెండును తీరికగా నుండి ప్రాసెసరు మాత్రమే నూరుపాళ్లు పనిచేయుచున్నచో మెమొరీ కొన్నను, డిస్కు కొన్నను ప్రయోజనము స్వల్పము.

ఇక మెమొరీ విషయము. ఇందు తరములు కలవు. డి.డి.ఆర్.2, డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని వాటి పేర్లు. డి.డి.ఆర్.3 పలకకు 240 కాళ్లు, 1.5 వోల్టులు, డి.డి.ఆర్.4 పలకకు 288 కాళ్లు, 1.2 వోల్టులు. ఒక తరపు పలక మఱొక తరపు గాడిలో ఇమడకుండుటకై నడుమనున్న గంటు చోటు మార్చబడినది. బలవంతమున నొక్కినచో గాడి విఱుగును. ఇంటెల్ కోర్ రెండవ, మూడవ, నాలుగవ తరముల డెస్క్‌టాప్‌లు డి.డి.ఆర్.3నే కోరును. అట్టి మదర్‌బోర్డున రెండు గాడులున్నచో సామాన్యముగా 16 గిగాబైట్లు, నాలుగున్నచో 32 గిగాబైట్లు పరిమితి. బోర్డు పేరును సి.పి.యు.-జెడ్ అను ఉచిత ప్రోగ్రాముతో తెలిసికొని, తయారీదారుని పట్టికలో పరిమితిని సరిచూచుకొనిన పిమ్మటనే దుకాణమునకు పోవలెను. ఒకే కొలత గల పలకలను జతగా వేసినచో రెండు దారులు ఒక్కసారి తెఱచుకొని వేగము హెచ్చును.

ఇచట పెక్కుమంది మోసపోవు తావు ఒకటి కలదు. కంప్యూటరులోని విండోస్ 32 బిట్లదైనచో, సాధారణముగా 4 గిగాబైట్లకు మించిన మెమొరీని అది వినియోగించుకొనలేదు. 16 గిగాబైట్లు వేసినను బల్లపై గుడ్డ కప్పి యుంచినట్లే. ముందు 64 బిట్ల వ్యవస్థను స్థాపింపవలెను. ఎంత మెమొరీ చాలునన్న ప్రశ్నకు ఫొటో పనివారి సమాధానము స్పష్టము: 8 గిగాబైట్లు ఆరంభము, 16 సుఖము. ఇంటి ఆల్బమును దిద్దువారికి అంతకు మించి అగత్యముండదు.

డిస్కు విషయము ఇంతకంటె ముఖ్యమైనది. పాత హార్డుడిస్కులో పళ్లెము నిమిషమునకు 7200 చుట్లు తిరుగును. కావలసిన తావునకు సూది చేరుటకును, పళ్లెము తిరిగి వచ్చుటకును కలిపి సెకండులో సుమారు నూఱవ వంతు పట్టును. ఇది మనుష్యునకు రెప్పపాటుకంటె తక్కువయే గాని కంప్యూటరునకు యుగము. ఎస్.ఎస్.డి. అను నూతన నిల్వ పేటికయందు తిరుగు పళ్లెము లేదు. తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా కనుగొన్న ఫ్లాష్ స్మృతి యందు విద్యుదావేశమే అక్షరముగా నిలుచును. అందు సమాచారము దొరకుటకు సెకండులో పదివేలవ వంతు మాత్రమే పట్టును. పాత బోర్డునకు సాటా తీగతో తగిలించు రెండున్నర అంగుళముల ఎస్.ఎస్.డి. చాలును. సెకండునకు ఆరు గిగాబిట్ల సాటా మార్గమున అది సుమారు 550 మెగాబైట్లు చదువును. అంతకు ముందరి మూడు గిగాబిట్ల మార్గమున వేగము సగమగును. సగమైనను పాత డిస్కుకంటె మిక్కిలి మేలు. ఎన్.వి.ఎం.ఇ. అను ఇంకను వేగవంతమైన రకము గలదు గాని, దానికి తగిన గాడి పాత బోర్డులలో అరుదు.

వ్యవస్థయు, ఫొటో ప్రోగ్రామును, అప్పుడు దిద్దుచున్న బొమ్మలును ఎస్.ఎస్.డి.పై నుంచవలెను. మెమొరీ చాలనపుడు ఫొటోషాప్ వాడుకొను చిత్తు స్థలమును కూడ దానికే చూపవలెను. పాత హార్డుడిస్కు ఆరోగ్యముగా నున్నచో తీసివేయక, పూర్తియైన బొమ్మలకు కొట్టుగదివలె వాడుకొనవచ్చును.

ఇప్పుడు ధరల మాట. 2025 ద్వితీయార్ధమున కృత్రిమ మేధకు సంబంధించిన పెద్ద యంత్రాగారములు మెమొరీ చిప్పులను విపరీతముగా కోరుటచే వాటి ధరలు ప్రపంచమంతట పెరిగినవి. కావున సొమ్మును ఏ వరుసలో ఖర్చుపెట్టవలెననుట ముఖ్యము. మొదట కొనదగినది ఫొటోలను దాచు బయటి డిస్కు. రెండవది ఎస్.ఎస్.డి. మూడవది మెమొరీ. హేతువేమనగా, బయటి డిస్కును ఎస్.ఎస్.డి.ని రేపు క్రొత్త కంప్యూటరు కొన్నను అందు వాడుకొనవచ్చును, డి.డి.ఆర్.3 పలక మాత్రము క్రొత్త దానిలో ఇమడదు. పాత యంత్రముతోపాటు అంతరించు వస్తువుపై తక్కువ ఖర్చు, దానిని దాటి బ్రదుకు వస్తువుపై ఎక్కువ ఖర్చు పెట్టుట గృహస్థునకు శ్రేయము. బోర్డు డి.డి.ఆర్.2 తరమునకు చెందినదై, 4 గిగాబైట్లకు మించి పట్టనిదైనచో దానిపై మెమొరీ కొనుట వృథా. అచట క్రొత్తది కొనుమన్న దుకాణదారుని మాటయే సరియైనది.

మఱియొక సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఇంటెల్ ఎనిమిదవ తరమునకు పూర్వపు డెస్క్‌టాప్‌లలో అధికభాగము విండోస్ 11కు అర్హములు కావు. కావున పాత కంప్యూటరులో బ్యాంకు పనులు చేయుట తగదు. దానిని ఇంటర్నెట్టు లేకుండ ఫొటో పనికే కేటాయింపవచ్చును. లేదా లినక్స్ స్థాపించి, ఉచితముగా లభించు జింప్, డార్క్‌టేబుల్ అను ప్రోగ్రాములతో దిద్దుకొనవచ్చును.

పనికి పూనుకొనుటకు ముందు చేయవలసిన మొదటి కార్యము ఫొటోలన్నింటికి ప్రతి తీయుట. డిస్కు నకలు తీయునపుడు మూలమేదో, గమ్యమేదో తారుమారైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుపై కూర్చుండును. ఒక్క నొక్కుతో ముప్పదియేండ్ల కుటుంబ చరిత్ర తుడిచిపెట్టుకొనిపోవును. ఊహించిన ఆ ఇంటిలో తాతగారి పెండ్లి ఫొటో స్కాను ఆ ఒక్క డిస్కులోనే యున్నది. కాగితపు ఫొటో నానాటికి పొరలు రాలుచున్నది. కావున బయటి డిస్కులోనికి ప్రతి తీసి, అందులోని బొమ్మలను కొన్నింటిని వేఱొక కంప్యూటరులో తెఱచి చూచి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో నుంచిన పిమ్మటనే పెట్టె మఱలు విప్పవలెను. ఎంత అనుభవముగల పనివాడు వచ్చినను ఈ నియమమును సడలింపరాదు.

తరువాత విద్యుత్తు తీగను పూర్తిగా ఊడదీసి, మిగిలిన ఆవేశము పోవుటకు మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టవలెను. పెట్టెలోని రంగువేయని లోహమును ముట్టుకొని దేహముననున్న స్థిర విద్యుత్తును పోగొట్టుకొనవలెను. పొడిగా నుండు చలికాలమున ఈ జాగ్రత్త మఱింత అవసరము. మగ్గముల ఊరగు సూరతులో నూలుపొడి పంకాలకు చుట్టుకొని యంత్రమును వేడెక్కించును. మెత్తని కుంచెతో దానిని తుడువవలెను. మెమొరీ పలకను అంచులయందు పట్టుకొని, రెండువైపుల కొక్కెములు టక్కుమని పడువరకు సమముగా నొక్కవలెను. పిమ్మట మెమ్‌టెస్ట్ అను ప్రోగ్రామును ఒక రాత్రి నడిపి పరీక్షింపవలెను. దోషము గల మెమొరీ కంప్యూటరును ఆపుటతో సరిపెట్టుకొనదు. దాచుచున్న బొమ్మను కూడ చెఱపగలదు. పనిలో పనిగా మదర్‌బోర్డుపైనున్న నాణెము వంటి సి.ఆర్.2032 బ్యాటరీని మార్చుట మంచిది. అది నీరసించినచో కంప్యూటరు తేదీని మఱచి, నేడు దిద్దిన ఫొటోపై ఎన్నడో గడచిన సంవత్సరమును వేయును.

ఇంత చేసినను కంప్యూటరు ఇనుపపెట్టె కాదు. హార్డుడిస్కు పెక్కుసారులు మూలిగి, నెమ్మదించి, హెచ్చరించి చెడును; ఎస్.ఎస్.డి. ఏ సూచనయు లేక ఒకనాడు మూగవోవుట కలదు. విద్యుత్తు తగిలింపక సంవత్సరముల తరబడి అటకపై పెట్టినచో అందలి ఆవేశము క్షీణింపవచ్చును. అందుచే పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారమునకు తెచ్చిన నియమమును పాటింపవలెను: మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, అందు ఒక ప్రతి వేఱొక చోట. వరద చూచిన నగరమున ఈ మూడవ మాట ప్రాణప్రదము. ఒకే ఇంటిలోని మూడు ప్రతులును ఒకే నీటిలో మునుగును. బదిలీ ఉద్యోగికి వేఱొక చోటు వెదకుకొన నక్కఱలేదు. సంక్రాంతికి ఊరికి పోవునపుడు ఒక డిస్కును తీసికొనిపోయి అన్నగారి ఇంటనో, మేనత్తగారి ఇంటనో ఉంచి, మరుసటి ఏట దానిని క్రొత్త ప్రతితో మార్చుకొని వచ్చినచో చాలును.

చివరగా ఒక్క మాట. ఎంత స్మృతి పెంచినను కంప్యూటరునకు తెలియని సంగతి ఒకటి కలదు. పెండ్లి ఫొటోలో నాయనమ్మగారి ప్రక్కన నిలిచిన పిల్లవాడెవరు? వెనుక వరుసలో తలపాగా ధరించినవారు ఏ ఊరి బంధువులు? మచ్చ తుడిచినంతనే ముఖము కనబడును గాని పేరు వినబడదు. ఆ పేర్లు ఇంటనున్న వృద్ధుల నోట మాత్రమే కలవు. మెమొరీ పలకను వచ్చే నెల కొనవచ్చును, ఎస్.ఎస్.డి.ని వచ్చే ఏడు కొనవచ్చును. తాతగారి చెల్లెలిని మాత్రము నేడే అడుగవలెను. ఆమె చెప్పిన పేర్లను, వరుసలను, ఊరును, సంవత్సరమును తెలుగు లిపిలోనే ఫొటో వివరములలో వ్రాసి దాచుట నేటి ప్రోగ్రాములతో సాధ్యమే. గుజరాతున పుట్టి పెరిగిన మనుమలకు ఆ నాలుగు పంక్తులే స్వగ్రామమునకు దారి చూపును.

కావున సోదరీ సోదరులు ఇల్లు చేరినంతనే ముందు ఆల్బము తెఱచి పెద్దల చెంత కూర్చుండి పేర్లు వ్రాసికొందురు గాక. పిదప ప్రతులు తీసి భద్రపఱతురు గాక. అటుపిమ్మటనే కంప్యూటరు పెట్టె మఱలు విప్పుదురు గాక. ఈ వరుస తప్పనిచో పాత యంత్రము మఱికొన్నేండ్లు ఇంటికి కొలువు చేయును.